గడులు, అక్షరాలు: కొలత తప్పని వరుసల చరిత్ర

ఉగాది నాడు మన బామ్నిలో రెండు పండుగలు ఒకేసారి వస్తాయి. ఇరుగుపొరుగు మరాఠీ సోదరులు గుమ్మం ముందు గుఢీ నిలబెడతారు. మనం వేపపువ్వు, కొత్త బెల్లం, మామిడికాయ ముక్కలు, చింతపండు కలిపి పచ్చడి చేసుకుంటాము. సాయంత్రం అందరమూ చేరి పంచాంగ శ్రవణం వింటాము. ఈ సంవత్సరం సంచిక కోసం సంఘం పెద్దలు నన్ను పిలిచి, "రైల్వేలో ఉన్నవాడివి గదా, ఏదైనా చరిత్ర వ్రాయవోయ్" అని ఆజ్ఞాపించారు. రైళ్ల చరిత్ర వ్రాయగల పండితులు వేరే ఉన్నారు. నేను మెట్రిక్ ప్యాసైన గుమాస్తాను. గుమాస్తాకు తెలిసినవి గళ్ల రిజిస్టర్లు. కనుక వాటి చరిత్రనే, నాకు తెలిసినంత మేరకు, మనవి చేస్తున్నాను.

దీని మీద నాకు ఆసక్తి కలగడానికి ఒక ఇంటి కారణం ఉన్నది. మా నాన్నగారు ఈ ప్రాంతపు బొగ్గుగనిలో ముప్పై రెండేళ్లు పనిచేసి విరమించారు. ఆయన పేరు వెంకటసత్యనారాయణ. పింఛను కాగితాలు పెట్టుకున్న కొద్దికాలానికి ఒక కార్యాలయం నుంచి జవాబు వచ్చింది. రెండు పట్టికలలో పేర్లు సరిపోవడం లేదనీ, ఈ మనిషీ ఆ మనిషీ ఒక్కరేనని రుజువు చేసుకోవాలనీ దాని సారాంశం. ఒక పట్టికలో ఆయన పేరు పూర్తిగా ఉన్నది. రెండవ దానిలో మా ఇంటిపేరు ముందుండి, దాని వెనుక "వెంకటసత్" అని మాత్రమే ఉన్నది. పదకొండు నెలలు తిరిగాము. "ఇన్నేళ్లూ గనిలోకి దిగినవాణ్ణి నేనే గదరా, ఇప్పుడు నేను నేను కానా?" అని ఆయన అడిగితే నా దగ్గర జవాబు లేకపోయింది. సత్యనారాయణ స్వామిని కోసి ఉత్త "సత్" మిగిల్చిన ఆ కత్తెర ఎవరిది? దీనికి జవాబు తెలియాలంటే చరిత్రలో కొంత దూరం వెనుకకు నడవాలి.

ముందుగా మన ఇంట్లో ఉన్న వస్తువుతోనే మొదలుపెడదాము. పంచాంగం తెరిచి చూడండి. రోజుకొక వరుస. ఆ వరుసలో తిథి, వారం, నక్షత్రం, యోగం, కరణం, ఈ అయిదింటికీ వేటి చోటు వాటిదే. నక్షత్రం గడిలో "ఉ.షా." అని ఉంటే ఉత్తరాషాఢ అనీ, "ఉ.భా." అని ఉంటే ఉత్తరాభాద్ర అనీ చదువుకుంటాము. చోటు చిన్నది కాబట్టి మాటను కుదించారు. కుదించిన మాట చదవడం మనకు తెలుసు కాబట్టి చిక్కు లేదు. గడుల పైనున్న శీర్షికలు చించివేసి, ఈ కుదింపులేవీ ఎరుగని మనిషికి ఆ పుటను ఇచ్చి చూడండి. అతనికది అంకెల గుంపు, అక్షరాల గుంపు. వరుసకు విలువ ఇచ్చేది వరుస ఒక్కటే కాదు, దాన్ని చదివే తాళంచెవి కూడా. ఈ ఒక్క సంగతిని చదువరులు మనసులో ఉంచుకోవాలని ప్రార్థన.

మన పద్యం కూడా కొలత తప్పని వరుసే. ఉత్పలమాల పాదానికి 20 అక్షరాలు, చంపకమాలకు 21, శార్దూలానికి 19, మత్తేభానికి 20. పైగా యతి ఉన్నది, ప్రాస ఉన్నది. తాటాకు మీద వ్రాసేవాడు ఒక అక్షరం జారవిడిస్తే గణం విరుగుతుంది, యతి చెడుతుంది. చదివేవాడు వెంటనే "ఇక్కడ ఏదో పోయింది" అని పట్టుకుంటాడు. అనగా కొలత పెట్టడం కేవలం అందం కోసమే కాదు. తప్పు బయటపడడానికి అదొక కాపలా. ఈ కాపలానే తరువాతి కాలంలో యంత్రాలవారు మరొక రూపంలో ప్రవేశపెట్టారు. ఆ సంగతి ముందు వస్తుంది.

ఇక రైలు దగ్గరికి వద్దాము. ఇంగ్లండులో థామస్ ఎడ్మండ్సన్ అనే ఆయన కర్రసామాను చేసే వ్యాపారం పెట్టి దివాలా తీశాడు. బ్రతుకుతెరువు కోసం 1830లలో న్యూకాజిల్ అండ్ కార్లైల్ రైల్వేలో మిల్టన్ అనే చిన్న స్టేషనులో ఉద్యోగానికి చేరాడు. అప్పట్లో ప్రతి ప్రయాణికుడికీ టిక్కెట్టు చేత్తో వ్రాసి ఇవ్వవలసి వచ్చేది. ఆలస్యం ఒకటి, లెక్క తేలకపోవడం మరొకటి. ఎడ్మండ్సన్ ఒకే కొలతగల చిన్న అట్టముక్కల మీద వరుస నంబర్లు ముందే అచ్చువేయించాడు. పొడవు సుమారు 57 మిల్లీమీటర్లు, వెడల్పు సుమారు 30. పొద్దున మొదటి నంబరు, సాయంత్రం చివరి నంబరు చూస్తే ఎన్ని టిక్కెట్లు పోయినవో, ఎంత పైకం ఉండాలో తేలిపోతుంది. కంప్యూటరు టిక్కెట్లు వచ్చేదాకా మన పెద్దలు జేబులో పెట్టుకు తిరిగిన ఆ గట్టి అట్ట టిక్కెట్టు ఆయన చలవే. ఒక స్టేషను ఉద్యోగి ఈ పని చేశాడంటే గుమాస్తా జాతికి కొంచెం గర్వంగానే ఉంటుంది.

రెండవ మెట్టు కూడా రైలు నుంచే వచ్చింది. అమెరికాలో 1880 జనాభా లెక్కలు తేల్చేసరికి చాలా సంవత్సరాలు పట్టింది. హెర్మన్ హోలరిత్ అనే ఇంజనీరు దీనికి ఉపాయం వెదుకుతూ, రైలు కండక్టరు టిక్కెట్టుకు చిల్లులు పెట్టే పద్ధతిని గుర్తుచేసుకున్నాడు. ఒకరి టిక్కెట్టు మీద మరొకరు ప్రయాణం చేయకుండా, ప్రయాణికుడి జుట్టు రంగు, కళ్ల రంగు, ముక్కు తీరు తెలిపే చోట్ల కండక్టరు చిల్లులు పెట్టేవాడట. చిల్లు ఎక్కడ ఉన్నదో చూస్తే మనిషి ఎలాంటివాడో తెలుస్తుంది. హోలరిత్ అదే ఉపాయంతో మనిషికొక కార్డు చేయించి, 1890 జనాభా లెక్కలను యంత్రంతో లెక్కింపజేశాడు. ఆయన 1896లో పెట్టిన కంపెనీ 1911లో మరికొన్నింటితో కలిసింది. 1924లో దానికి ఐ.బి.ఎం. అన్న పేరు వచ్చింది. 1928లో ఆ కంపెనీ 80 నిలువు గడుల కార్డును తెచ్చింది. గడికి ఒక్క అక్షరం. అంతకు మించి ఒక్కటి కూడా పట్టదు.

ఈ 80 అన్న అంకె తరువాతి కాలాన్ని ఏలింది. 1957లో వచ్చిన ఫోర్ట్రాన్ భాషలో మొదటి అయిదు గడులు నంబరుకు, ఆరవది కొనసాగింపు గుర్తుకు, 7 నుంచి 72 వరకు అసలు వాక్యానికి కేటాయించారు. 73 నుంచి 80 దాకా ఉన్న గడులు కార్డు వరుస సంఖ్య వేసుకోవడానికి మిగిలినవి. 1959లో మొదలై 1960లో వెలువడిన కోబాల్ భాష కార్యాలయాల కోసమే పుట్టింది. అందులో "పిక్చర్" అనే మాటతో ఏ గడి ఎన్ని అక్షరాలో ముందే ప్రకటించాలి. పేరుకు 20, ఊరికి 15, జీతానికి 7, ఇలాగ. పేరు చిన్నదైతే కుడివైపు ఖాళీలు నింపాలి. అంకె చిన్నదైతే ఎడమవైపు సున్నాలు నింపాలి. పేరు పెద్దదైతే? మిగిలినది పోతుంది. పోయిందని యంత్రం తనంతట తాను చెప్పదు. మా నాన్నగారి పేరు మీద పడిన కత్తెర వయస్సు ఇంచుమించు అంత.

1960ల దశకంలో మన రైల్వేలు కూడా ఐ.బి.ఎం. 1401 యంత్రాలు తెప్పించుకుని జీతాల లెక్కలు, రాబడి లెక్కలు కార్డుల మీదికి ఎక్కించాయి. 1966 అక్టోబరు 2న సికిందరాబాదు కేంద్రంగా దక్షిణ మధ్య రైల్వే ఏర్పడిన కాలం కూడా అదే. మన బల్హార్షా ఆ రైల్వేకూ మధ్య రైల్వేకూ సరిహద్దు స్టేషను. 1929లో కాజీపేట–బల్హార్షా మార్గం పూర్తయి, ఢిల్లీకీ మద్రాసుకూ నేరుదారి ఏర్పడిన నాటి నుంచి ఈ స్టేషను మీదుగా వెళ్లిన వ్యాగన్లకు లెక్కలేదు. లెక్కలేదు అన్నాను గాని, లెక్క ఉన్నది. ట్రెయిన్స్ క్లర్కులు చేతిలో దీపం, చంకలో పుస్తకం పెట్టుకుని బండి పొడుగునా నడిచి, ఒక్కొక్క వ్యాగను నంబరూ వ్రాసుకునేవారు. వానలో, ఎండలో, బొగ్గుపొడిలో చేసిన పని అది.

ఇప్పటి వ్యాగను నంబరులో 11 అంకెలు ఉంటాయి. మొదటి రెండు వ్యాగను రకం. తరువాతి రెండు ఏ రైల్వేదో తెలుపుతాయి. ఆ పైన రెండు తయారైన సంవత్సరం. తరువాతి నాలుగు వరుస సంఖ్య. చివరి ఒక్కటి కాపలా అంకె. మొదటి పదింటినీ ఒక సూత్రం ప్రకారం లెక్కవేస్తే పదకొండవది రావాలి. రాకపోతే ఎక్కడో ఒక అంకె తప్పు వ్రాశారన్నమాట. పద్యానికి యతి ఎలాంటిదో వ్యాగనుకు ఈ అంకె అలాంటిది.

స్టేషన్ల సంకేతాలు కూడా ఇలాంటివే. బల్హార్షాకు బి.పి.క్యూ., కాజీపేటకు కె.జెడ్.జె., విజయవాడకు బి.జెడ్.ఎ. ఆ చివరిదానిలో పాత బెజవాడ ఇంకా బ్రతికే ఉన్నది. ఊరి పేరు మారినా గడిలో ఎక్కిన అక్షరాలు మారలేదు.

ఇప్పుడు కంప్యూటరు వారి "లైబ్రరీ" అన్న మాట చెప్పాలి. ఇది పుస్తకాలు అరువిచ్చే గ్రంథాలయం కాదు. అందరికీ పదేపదే అవసరమయ్యే పనిని ఒకరు ఒకసారి శ్రద్ధగా వ్రాసిపెడితే, మిగిలినవారు దానిని తమ ప్రోగ్రాములలో పిలిచి వాడుకోవచ్చు. వడ్రంగి ప్రతి తలుపుకూ కొత్తగా ఉలి చేసుకోడు గదా! అలాగే కొలత తప్పని వరుసలను చదవడానికీ, వ్రాయడానికీ లైబ్రరీలు ఉన్నాయి. దానికి మనం ముందుగా గడుల పత్రం ఇవ్వాలి. ఉదాహరణకు 20 అక్షరాల వరుస అనుకోండి. 1 నుంచి 11 వరకు వ్యాగను, 12 నుంచి 15 వరకు స్టేషను, 16 నుంచి 20 వరకు బరువు. లైబ్రరీ ఆ పత్రం ప్రకారం వరుసను కోసి, ఇది వ్యాగను, ఇది స్టేషను, ఇది బరువు అని విడదీసి చేతికిస్తుంది. వ్రాసేటప్పుడు బి.పి.క్యూ. మూడక్షరాలే కాబట్టి నాలుగవ గడిలో ఖాళీ తానే పెడుతుంది. బరువుకు ముందు సున్నాలు తానే నింపుతుంది. మంచి లైబ్రరీ అయితే ఇంకొక పని కూడా చేస్తుంది. ఇచ్చిన మాట గడికి పెద్దదైతే నోరు మూసుకుని కోయక, "ఇది పట్టడం లేదు" అని ఆగిపోతుంది.

వరుసలో ఒక్క అక్షరం ఎక్కువైనా, తక్కువైనా తరువాతి గడులన్నీ పక్కకు జరుగుతాయి. మన ప్రాంతంవారికి దీనిని విడమరచి చెప్పనక్కరలేదు. చాందాఫోర్ట్–గోందియా మార్గం ఒకప్పుడు 762 మిల్లీమీటర్ల నారోగేజి. బల్హార్షా ప్రధాన మార్గం 1,676 మిల్లీమీటర్ల బ్రాడ్‌గేజి. ఒకదాని వ్యాగను రెండవదాని మీద నడవదు. సామాను దింపి మళ్లీ ఎక్కించవలసిందే. రెండు కార్యాలయాల గడుల కొలతలు వేరైతే మధ్యలో జరిగే పని కూడా అదే. దింపి ఎక్కించడంలో కొంత సామాను జారిపోతుంది. మనుషుల పేర్లు జారిపోయేది కూడా అక్కడే.

గడి ఇరుకైతే ఎంత ప్రమాదమో లోకమంతటికీ ఒకసారి తెలిసివచ్చింది. చోటు ఆదా చేయడానికి పాత ప్రోగ్రాములలో సంవత్సరానికి రెండే గడులు ఇచ్చారు. 99 అంటే 1999. 00 అంటే 1900యా, 2000యా? యంత్రానికి తెలియదు. బ్యాంకులు, బీమా కంపెనీలు, విమానాలవారు గాభరా పడ్డారు. ఆ పాత కోబాల్ వరుసలను వెదికి సరిచేయడానికి మనుషులు కావలసి వచ్చారు. హైదరాబాదులో అమీర్‌పేట శిక్షణ కేంద్రాలలో మన యువకులు ఆ పాత విద్య నేర్చుకున్నారు. మాదాపురంలో సైబర్ టవర్స్ ప్రారంభమైనది 1998 నవంబరులో. అదే సంవత్సరం అమెరికా తన హెచ్–1బి వీసాల పరిమితిని 65,000 నుంచి 1,15,000కు పెంచింది. ఈనాడు అమెరికాలో ఉగాది జరుపుకుంటున్న తెలుగు కుటుంబాలలో ఎన్నింటికో మూలపురుషుడు ఆ రెండు గడుల ఇరుకే అంటే అతిశయోక్తి కాదు.

అయితే ఈ చిక్కు మన పెద్దలకు కొత్తది కాదు. ప్రభవ మొదలు అక్షయ వరకు మన సంవత్సరాల పేర్లు అరవై. అరవై అయిపోగానే మళ్లీ మొదటికి వస్తాయి. "ప్రభవలో పుట్టాను" అని ఎవరైనా అంటే 1927లోనా, 1987లోనా? అందుచేతనే శాసనాలు వ్రాయించినవారు సంవత్సరం పేరుతో పాటు శాలివాహన శక సంవత్సరం కూడా చెక్కించేవారు. ఒకటి తిరిగే అంకె, రెండవది పెరిగే అంకె. రెండూ కలిస్తే సందేహం లేదు. యంత్రాల యుగం 2000 దగ్గర నేర్చుకున్న పాఠాన్ని మన రాతిపనివారు శతాబ్దాల క్రితమే బండ మీద చెక్కిపెట్టారు.

గడి వెడల్పు పెంచడం చిన్న పని కాదు. మన స్టేషను మీదుగా పోయే గ్రాండ్ ట్రంక్ ఎక్స్‌ప్రెస్ నంబరు ఒకప్పుడు రెండంకెలు, 15, 16. తరువాత నాలుగంకెలు అయింది. 2010 డిసెంబరు 20 నుంచి దేశంలో రైళ్లన్నిటికీ అయిదంకెలు వచ్చాయి. జి.టి. 12615, 12616 అయింది. ఒక్క అంకె పెరిగినందుకు బోర్డులు, టైంటేబుళ్లు, ప్రోగ్రాములు అన్నీ సవరించవలసి వచ్చింది. రిజర్వేషను కంప్యూటర్లు ఢిల్లీలో 1980ల మధ్యలో మొదలయ్యాయి. నగరాలన్నిటినీ కలిపే కొత్త పద్ధతిని 1994లో మొదట సికిందరాబాదులోనే పెట్టారు. ఇన్ని మార్పులలోనూ మన టిక్కెట్టు మీది పి.ఎన్.ఆర్. నంబరు మాత్రం పది గడులలోనే ఒదిగి కూర్చున్నది.

విదేశంలో బిడ్డలున్నవారు ఇంట్లో ఉన్న పాస్‌పోర్టు ఒకసారి తెరవండి. ఫోటో ఉన్న పుటలో అడుగున రెండు వరుసలు కనిపిస్తాయి. ఒక్కొక్క వరుసకు సరిగ్గా 44 అక్షరాలు. అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ 1980లో ప్రకటించిన పద్ధతి ఇది. మొదటి వరుసలో పేరుకు 39 గడులు. ఖాళీ గడులలో కోణపు గుర్తులు నింపుతారు. రెండవ వరుసలో పుట్టిన తేది ఆరంకెలు, దాని పక్కన కాపలా అంకె. 1990 మే 14 అయితే 900514. ఈ ఆరంకెలను వరుసగా 7, 3, 1, 7, 3, 1 పెట్టి గుణించి కలిపితే 63, 35, 3, 4 చేరి 105 వస్తుంది. చివరి అంకె 5. అదే కాపలా. పిల్లలతో కూర్చుని మీ పాస్‌పోర్టుల మీద ఈ లెక్క చేసి చూడండి, వినోదంగా ఉంటుంది. సంవత్సరానికి అక్కడ ఇప్పటికీ రెండే గడులు ఉన్నాయన్నది కూడా గమనించండి.

ఇక మన లిపి సంగతి. తెలుగు అక్షరాలకు 1991లో యూనికోడ్ పట్టికలో 128 గడుల స్థానం దొరికింది. కంటికి "కృష్ణ" రెండు అక్షరాలు. యంత్రానికి క, ఋత్వం, ష, పొల్లు, ణ అని అయిదు ముక్కలు. ఇప్పుడు ఎక్కువగా వాడే పద్ధతిలో ఒక్కొక్క తెలుగు ముక్కకు మూడు బైట్లు, అంటే యంత్రపు మూడు గడులు, కావాలి. కృష్ణుడికి 15 గడులు! వెంకటసత్యనారాయణ ఇంగ్లీషులో సరిగ్గా 20 అక్షరాలు, తెలుగులో 45 బైట్లు. 20 బైట్ల గడిలో తెలుగు పేరును పోస్తే "వెంకటస" దాకా నిలిచి, తరువాతి "త" నడుమ విరిగి పిచ్చి గుర్తు అవుతుంది. లైబ్రరీ వ్రాసేవారు బైట్లు లెక్కిస్తున్నారా, అక్షరాలు లెక్కిస్తున్నారా అన్నది మనకు చిన్న విషయం కాదు. అది మన పేరు మనకు దక్కడం, దక్కకపోవడం.

మా ఇంటి కథ ముగిస్తాను. పదకొండవ నెలలో, విరమణకు దగ్గరలో ఉన్న ఒక వృద్ధ గుమాస్తాగారు మా గోడు విన్నారు. ఆయన బీరువా తెరిచి, అంచులు పసుపెక్కిన ఒక కాగితం తీశారు. అది ఆ పాత పట్టిక గడుల పత్రం. "పేరు: 20" అని అందులో ఉన్నది. మా ఇంటిపేరు ఇంగ్లీషులో తొమ్మిది అక్షరాలు, ఒక ఖాళీ, మొత్తం పది. మిగిలిన పది గడులలో "వెంకటసత్" పట్టి, "యనారాయణ" బయట పడిపోయింది. మరాఠీవారి వలె ఇంటిపేరు చివర వ్రాసి ఉంటే పోయేది ఇంటిపేరే గాని పేరు కాదు. తెలుగువారి ఆచారం ప్రకారం ఇంటిపేరు ముందు వ్రాయడమే మా నాన్నగారి నేరమైంది! గుమాస్తాగారు ఈ సంగతి నాలుగు వాక్యాలలో వ్రాసి పైకి పంపారు. మూడు వారాలలో పింఛను వచ్చింది. ఎవరూ మోసం చేయలేదు, ఎవరూ లంచం అడగలేదు. ఒక కాగితం కనిపించక ఒక మనిషి పదకొండు నెలలు తాను కాకుండా పోయాడు. ఆ కాగితాన్ని పారవేయకుండా ఉంచిన గుమాస్తాగారికి మా ఇల్లంతా ఋణపడి ఉన్నది.

కాబట్టి ఈ పండుగ పూట మన కుటుంబాలకు నా మనవి ఇది. పిల్లల పేరు బడిలో, ఆధార్‌లో, బ్యాంకులో, పాస్‌పోర్టులో ఒకే వ్రాతలో ఉన్నదో లేదో చూసుకోండి. ఇంటిపేరు ముందా, వెనుకా అన్నది మొదటి రోజే నిర్ణయించుకోండి. కాగితం చేతికి రాగానే చివరి అక్షరం దాకా చదవండి. కంప్యూటరు పనిలో ఉన్న మన పిల్లలు గడి కట్టేటప్పుడు తాతగారి పేరు అందులో పడుతుందా అని ఒక్కసారి ఆలోచించాలి. గడుల పత్రాన్ని పట్టికతో పాటు భద్రపరచాలి. పట్టనిదాన్ని చెప్పకుండా కోయరాదు.

మా నాన్నగారు ఇప్పుడు ప్రతి ఉగాదికీ పంచాంగం పైకి చదువుతారు. కుదించిన మాట వచ్చినప్పుడల్లా ఆగి, పూర్తి మాట పలికిగాని ముందుకు పోరు. చదువరులందరికీ నూతన సంవత్సర శుభాకాంక్షలు.